అద్దె నోరు

ఫిబ్రవరి 3, సోమవారం

అక్క హుకుం. ఇవాళ్టి నుంచి రోజూ రాయాలట. పక్కవాళ్ళకి జరిగిన మంచి ఒకటి వెతికి, దానికి నేనెంత సంతోషించానో రాయాలట. నర్సు కదా, మాత్ర ఇచ్చినట్టే ఇచ్చింది. రాత్రి భోజనం తర్వాత ఒకటి.

నిన్న నేను పళ్ళెం విసిరానని అంటోంది. విసరలేదు. కాస్త గట్టిగా కింద పెట్టాను. పగిలింది. అంతకు ముందు ఫోన్లో ఒక ఫోటో చూశాను. మేమంతా బల్లలు అద్దెకి తీసుకుని చిన్న చిన్న కంపెనీలు నడుపుకునే హాల్లో కిటికీ పక్కన కూర్చునే ట్యూషన్ యాప్ పిల్ల ఎవరో పెద్ద ఇన్వెస్టర్‌తో చేతులు కలుపుతోంది. కింద లోకమంతా అభినందనలు. నేనూ పెట్టాను, మూడు చప్పట్ల బొమ్మలు. అది పెట్టి, పళ్ళెం పెట్టాను.

"కుళ్ళు పట్టిందే నీకు," అంది అక్క ముక్కలు ఏరుతూ. "దానికొస్తే నీకేం పోయింది? నీ నోటికాడ ముద్దేమైనా లాక్కుందా?"

లాక్కోలేదు. అది నాకూ తెలుసు. కానీ ఆ హాల్లో ఎవరికేది వచ్చినా, నాకు రానిది ఇంకాస్త పెద్దగా కనిపిస్తుంది. ఇది అక్కకి చెప్పినా అర్థం కాదు. దానికి నెల తిరిగేసరికి జీతం, పగలంతా పని, పడుకోగానే నిద్ర.

ఇవాళ్టి సంతోషం: ట్యూషన్ యాప్ పిల్లకి పెట్టుబడి వచ్చింది. నాకు చాలా సంతోషంగా ఉంది.

ఫిబ్రవరి 4, మంగళవారం

ఇవాళ్టి సంతోషం: అదే పిల్ల అందరికీ కేకు పంచింది. నాకు చాలా సంతోషంగా ఉంది. కేకు మాత్రం బాగాలేదు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

శుక్రవారం అంటే మా హాల్లో 'అద్దె నోరు'. హాలు నడిపే పెద్దాయన పెట్టిన ఆచారం ఇది. తన సొంత కంపెనీలు రెండూ మునిగాక ఆయన మాలాంటి వాళ్ళకి బల్లలు అద్దెకిచ్చి, హాస్టల్ పిల్లల్ని కాసినట్టు కాస్తుంటాడు. అందుకే ఆయన్ని వార్డెన్ అంటాం, ఆయనకి వినపడకుండా. వారం వారం చీటీలు వేస్తాడు. ఎవరి చీటీ వస్తే వాళ్ళ కంపెనీ గురించి మనం లేచి చెప్పాలి, అది మనదే అన్నట్టు. 'మేము' అనాలి, 'మాది' అనాలి. 'వాళ్ళు' అన్నామంటే బల్ల మీద ఒక్క చరుపు చరుస్తాడు. "ఎవడి గొప్ప వాడు చెప్పుకుంటే ఎవడమ్మా వినేది?" అంటాడు.

ఇవాళ నాకు మౌనవ్రతం చీటీ వచ్చింది. మౌనవ్రతం అని నేను పిలుచుకునేది నా పక్క బల్ల అతన్ని. నోట్లో నాలుక లేని మనిషి, 'గుడ్ మార్నింగ్' అన్నా తల ఊపుతాడు. ఆసుపత్రిలో సెలైన్ స్టాండుకి తగిలించే క్లిప్ ఒకటి చేశాడు. బాటిల్ బరువు తగ్గేకొద్దీ లెక్క చూసుకుని, అయిపోబోయే ముందు నర్సు ఫోన్‌కి కబురు పంపిస్తుంది. దానికొక చిన్న నీలం లైటు కూడా. పొద్దస్తమానం బాటిళ్ళు నింపడం, చుక్కలు కారుతుంటే చూస్తూ కూర్చోవడం, ఇదే అతని బతుకు.

గడగడా చెప్పేశాను. చప్పట్లు కొట్టారు. వార్డెన్ అన్నాడు, "చూశావా అమ్మా, పక్కవాళ్ళది చెప్పేటప్పుడు నీ మొహంలో కళ వస్తుంది. నీది చెప్పేటప్పుడు కోర్టులో సాక్ష్యం చెప్తున్నట్టుంటావు." అరికాలి మంట నెత్తికెక్కింది.

నా చీటీ మౌనవ్రతానికి వచ్చింది. నేను చేసేది చెప్పులో వేసుకునే మెత్త. షుగరున్న వాళ్ళకి పాదం మొద్దుబారుతుంది, పుండు పడుతున్నా తెలీదు. పాదంలో ఎక్కడ ఒత్తిడి పెరుగుతోందో, ఎక్కడ వేడెక్కుతోందో ఈ మెత్త ముందే చెబుతుంది. అయిదేళ్ళుగా చేస్తున్నాను. అతను లేచి, "మేము... పాదాలు కాపాడతాం," అని కూర్చున్నాడు. అంతే. అయిదేళ్ళకి మూడు ముక్కలు.

ఇవాళ్టి సంతోషం: నాకే చప్పట్లు కొట్టారు. అది లెక్కలోకి వస్తుందో రాదో అక్కని అడగాలి.

ఫిబ్రవరి 10, సోమవారం

పెద్ద ఆసుపత్రి వాళ్ళు 21న మా హాలుకి వస్తున్నారట. ఏదో ఒక పరికరాన్ని ఎంచుకుని, అన్ని వార్డుల్లో పెట్టి చూస్తారట. మా హాల్లో ఆసుపత్రికి పనికొచ్చేవి రెండే. నాది, మౌనవ్రతానిది. వేరే హాళ్ళకి కూడా వెళ్ళొస్తున్నారట.

ఇది రాకపోతే నా కంపెనీ లేదు. కంపెనీ అంటే ఎవరు, నేనూ, కుట్టు బాబాయీ. మెత్తల్లో సెన్సార్లు నేను పెడితే, వాటిపైన తోలు ఆయన కుడతాడు. ఆయనకి సీటు కవర్లు కుట్టే చోట పని దొరికింది. నెలాఖరు దాకా ఆగమన్నాను. "నువ్వు ఆగమంటే ఆగుతానమ్మా, నన్ను ఆగమనకుండా చూడు," అన్నాడు. ఆ మాటకి నవ్వి, బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను.

నాన్నకీ షుగరే. ఒకరోజు చెప్పులో చిన్న రాయి పడింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాని మీదే నడిచాడు, తెలియక. వేలితో మొదలై మనిషితో ముగిసింది. ఇంకెవరి నాన్నా అలా పోకూడదని మొదలుపెట్టిన పని ఇది. దేశంలో ఇంతమంది ఏదేదో అమ్ముకుని బాగుపడుతున్నారు, ఇదొక్కటే ఎందుకు నిలబడదు?

ఇవాళ్టి సంతోషం: మౌనవ్రతానికి కూడా అవకాశం వచ్చింది. నాకు చాలా సంతోషంగా ఉంది.

ఫిబ్రవరి 13, గురువారం

అక్క మౌనవ్రతం క్లిప్ గురించి అడిగింది. నేనే చెప్పాను, నా ఖర్మ. తింటున్న చెయ్యి ఆపి, "నిజంగా పనిచేస్తుందా?" అంది. "మా వార్డులో ఉంటే ఎంత బాగుంటుందే. ఒక్కదాన్ని ఇంతమందికి తిరగలేక చస్తున్నా. పేషెంట్ల తాలూకు వాళ్ళు బాటిల్ కేసి చూస్తూ చూస్తూ కునుకు తీస్తారు, పాపం."

"నా మెత్త గురించి ఎప్పుడైనా ఇలా అడిగావా?"

"నీది మంచిదేనే. కానీ అది వేసుకున్నవాళ్ళు నా వార్డుకి రారు కదా."

ఆ మాట నా మెత్తకి దక్కిన అతి పెద్ద మెప్పని ఇప్పుడు రాస్తుంటే తడుతోంది. అప్పుడు తట్టలేదు. లేచి వెళ్ళిపోయాను. ఈసారి పళ్ళెం మెల్లగానే పెట్టాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఇవాళ్టి సంతోషం:

ఫిబ్రవరి 21, శుక్రవారం

అంతా వరసగా రాయాలి, లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

వెళ్ళేసరికి మౌనవ్రతం మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వీపంతా తడిసిపోయింది. నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు.

"అక్కా, నావల్ల కాదు. నాది కూడా మీరే చెప్పండి."

"పిచ్చా నీకు? నేను నీకు పోటీరా."

"తెలుసక్కా. మీరైతే బాగా చెప్తారు."

పైనుంచి వార్డెన్ దిగి వచ్చాడు. "ఒప్పుకుంటావా అమ్మా? లేదంటే వీడి పేరు తీసేయమని వాళ్ళకి చెప్పేస్తా."

ఒప్పుకున్నాను. సాయం చేద్దామనే ఒప్పుకున్నాను.

లేదు. మెట్ల మీద నిలబడి లెక్క వేశాను. అతని పేరు తీసేస్తే నాది ఒంటరిగా నిలబడుతుంది. అతనిది నేను చప్పగా చెబితే, దాని పక్కన నాది మెరుస్తుంది. ఇదీ నా సాయం.

చిన్న గదిలో ముగ్గురు డాక్టర్లు. మధ్యలో పెద్ద డాక్టరమ్మ, కళ్ళజోడు ముక్కు చివర. వార్డెన్ తలుపు దగ్గర నిలబడి, "ఈవిడ రెండూ చెప్తారండీ. ఒకటి ఈవిడది, రెండోది పక్క బల్ల అతనిది, అతనికి కాస్త ఒంట్లో బాగాలేదు," అని తలుపు వేసేశాడు.

ముందు నా మెత్త. వందసార్లు అద్దం ముందు చెప్పుకున్న మాటలు. ఒక్క అంకె తప్పలేదు, ఒక్క మాట వణకలేదు. ఒక్క మాటకీ ప్రాణం లేదు. వింటున్నవాళ్ళ మొహాల కంటే నాకే ముందు తెలిసిపోయింది. నాకు ఇది కావాలి, ఇది కావాలి, ఇది కావాలి అని లోపల ఒకటే మోత. ఆ మోతలో నాన్న గురించి చెప్పడమే మర్చిపోయాను. డాక్టరమ్మ మర్యాదగా తల ఊపింది.

తర్వాత క్లిప్. రెండు ముక్కలు చెప్పి కూర్చుందామనుకున్నాను. చేతిలోకి తీసుకుని స్టాండుకి తగిలించాను. బాటిల్ వేలాడదీసి వెనక్కి జరిగాను. అంతే, నాన్న మంచం పక్కన ఉన్నాను.

"మా నాన్నకి సెలైన్ పెట్టినప్పుడు బాటిల్ చూడమని నన్ను కూర్చోబెట్టారండీ," అన్నాను. ఇది నేను అనుకున్న మాట కాదు. "నాన్న ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు. నా చిన్నప్పటివి, అమ్మవి. నేను ఊఁ కొడుతూ బాటిల్ చూశాను. అయిపోతుందేమో, గాలి వెళ్తుందేమో, రక్తం వెనక్కి వస్తుందేమో. ఆయన చివరి రోజుల్లో ఆయన మొహం కంటే ఆ బాటిల్‌నే ఎక్కువ చూశాను. ఏం చెప్పాడో సగం గుర్తు లేదు. ఆ బాటిల్ మీద కంపెనీ లేబుల్ మాత్రం ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది." తర్వాత, వార్డెన్ నేర్పిన అలవాటు, "అందుకే మేము దీన్ని చేశాం. బాటిల్‌ని ఇది చూసుకుంటుంది. మీరు మీ మనిషిని చూసుకోండి," అన్నాను.

ఆ కాసేపు నాకు ఏ భయమూ లేదు. ఏ మోతా లేదు. డాక్టర్లు అడిగినవాటికల్లా జవాబు చెప్పాను, వాటిలో సగం మౌనవ్రతం రోజూ గొణుక్కునేవే. బాటిల్ ఖాళీ అవుతుంటే నీలం లైటు వెలిగింది. నాకు నవ్వొచ్చింది, చిన్నపిల్లలా.

వెళ్ళేటప్పుడు డాక్టరమ్మ నా భుజం తట్టింది. "మీ క్లిప్ చాలా బాగుందమ్మా. మనసు పెట్టి చేశావు. ఆ చెప్పుల కంపెనీ అతనికి మాత్రం చెప్పు, ఇంకాస్త శ్రద్ధ పెట్టమని."

"చెప్తానండీ," అన్నాను.

ఫిబ్రవరి 22, శనివారం

ఆసుపత్రి నుంచి ఫోన్. గుమస్తా కాబోలు, హుషారైన గొంతు. "మేడమ్, మీ సెలైన్ క్లిప్ ఓకే అయింది. సోమవారం మధ్యాహ్నంలోగా మీరు సరేనని చెప్పాలి. చెప్పకపోతే ఇంకో హాలు వాళ్ళకి వెళ్ళిపోతుంది, వాళ్ళు రెండో నంబరు."

వాళ్ళ దగ్గర నా నంబరు ఒక్కటే ఉంది.

నేను ఏ అబద్ధమూ ఆడక్కర్లేదు. ఏమీ చేయక్కర్లేదు. ఊరుకుంటే చాలు.

సాయంత్రం అక్క అడిగింది, "ఏమైందే, ఏమైనా చెప్పారా?" ఇంకా లేదన్నాను. నా తల నిమిరింది. ఆ చెయ్యి తీసెయ్యమని అరవాలనిపించింది.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఎవరికీ ఫోన్ చేయలేదు. ఆదివారం ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదు కదా.

ఫిబ్రవరి 24, సోమవారం

పొద్దున్నుంచీ నా బల్ల దగ్గర కూర్చుని మెత్త అంచులు కత్తిరించాను. అవసరం లేనివి కూడా కత్తిరించాను. పక్క బల్ల మీద బాటిల్ నుంచి చుక్కలు. మౌనవ్రతం గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తున్నాడు. మధ్యాహ్నం కావస్తోంది. ఇంకాసేపు ఊరుకుంటే అయిపోతుంది, అయిపోతే ఇక ఆలోచించే పని ఉండదు.

ఉన్నట్టుండి అతనే మాట్లాడాడు. అతనంతట అతను మాట్లాడటం నేను విన్నది అదే మొదటిసారి.

"అక్కా, ఆ రోజు తలుపు బయట నిలబడి విన్నాను. రాకపోయినా పర్లేదక్కా. నేను చేసింది ఎందుకు చేశానో నాకే అప్పుడు తెలిసింది."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఇంత మంచిగా ఉంటే నేనెలా బతకాలి?

"వచ్చిందిరా మొద్దూ," అన్నాను. అరిచాననుకుంటా, హాలంతా ఇటు తిరిగింది. "శనివారమే వచ్చింది. నీకే వచ్చింది. ఫోన్ తియ్, టైం అయిపోతోంది."

అతను ఫోన్ తీశాడు. నేను చెప్పిన నంబరు నొక్కాడు. అవతల నుంచి 'హలో, హలో' అంటున్నారు, ఇతను పెదాలు కదుపుతున్నాడు, మాట లేదు. కళ్ళ నిండా నీళ్ళు. లాక్కుని నేనే మాట్లాడాను. సరే అన్నాను. ఆ క్లిప్ నాది కాదని, పక్కతనిదని, అతని పేరు రాసుకోమని చెప్పాను. "మరి మీదేంటి మేడమ్?" అన్నాడు గుమస్తా.

"చెప్పులది," అన్నాను.

హాలు హాలంతా చప్పట్లు. వార్డెన్ అతన్ని ఎత్తుకున్నంత పని చేశాడు. ఆ గోలలోంచి మౌనవ్రతం నావైపే చూస్తున్నాడు. శనివారమే వచ్చిందని నేను అన్నది విన్నాడు.

ఇవాళ్టి సంతోషం: లేదు. కుట్టు బాబాయికి ఫోన్ చేసి, ఇక ఆగొద్దని చెప్పాను.

ఫిబ్రవరి 25, మంగళవారం

తనతో కలిసి పనిచేయమన్నాడు. చెరి సగమట. కాగితం మీద రాసి నా బల్ల మీద పెట్టాడు, నోటితో అడగలేక. చింపేశాను. నీ జాలి నాకక్కర్లేదన్నాను. జాలి కాదక్కా అన్నాడు. మరేంటో చెప్పు అంటే చెప్పలేకపోయాడు. చెప్పలేడని తెలిసే అడిగాను.

ఫిబ్రవరి 28, శుక్రవారం

హాల్లో ఆఖరి రోజు. సెన్సార్లు ఒక అట్టపెట్టెలో, మిగిలిన మెత్తలు ఇంకో దాంట్లో సర్దాను. వార్డెన్ మర్చిపోయి నా పేరు కూడా చీటీల్లో వేశాడు. వచ్చింది మౌనవ్రతానికే.

లేచి నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. అందరూ తలలు దించుకున్నారు.

"మేము," అన్నాడు. ఆగాడు. "మేము పాదాలు కాపాడాం. అయిదేళ్ళు. మేము ఇవాళ ఆపేస్తున్నాం."

కూర్చుని మొహం చేతుల్లో దాచుకున్నాడు. నేను ఏడవలేదు. నా బదులు అతనే ఏడుస్తున్నాడు కదా.

మార్చి 6, గురువారం

లేచాను. పడుకున్నాను.

మార్చి 11, మంగళవారం

నాకు భయంగా ఉంది. పొద్దున లేస్తే చేయడానికి ఏమీ లేదు. చేతులు వాటంతటవే తోలు అంచుల కోసం వెతుకుతున్నాయి. ఇంకొకరి దగ్గర ఉద్యోగం చేయగలనా అంటే చేయగలను. కానీ అయిదేళ్ళు ఏం చేశావని అడిగితే? అక్క డ్యూటీకి వెళ్తూ తలుపు దగ్గర ఆగి చూస్తుంది. సంతోషాల సంగతి అడగడం మానేసింది. అది అడగకపోవడమే నన్ను ఎక్కువ భయపెడుతోంది.

నాన్నకేం చెప్పాలి? చెప్పడానికి ఆయన లేడు, అది వేరే సంగతి. అయినా ఏం చెప్పాలి?

మార్చి 18, మంగళవారం

అక్క కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయింది. తెచ్చిపెట్టమని ఫోన్. తల కూడా సరిగ్గా దువ్వుకోకుండా బయల్దేరాను.

మధ్యాహ్నం వార్డు. ఫినాయిల్ వాసన, పైన ఫ్యాన్ల చప్పుడు. వరసగా మంచాలు, ప్రతి మంచం పక్కనా స్టాండు, ప్రతి స్టాండుకీ మౌనవ్రతం క్లిప్. అక్క ఆసుపత్రి కూడా ఆ పెద్ద ఆసుపత్రి వాళ్ళదే, కానీ ఇక్కడ అప్పుడే పెట్టేశారని అక్క నాకు చెప్పలేదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనుకున్నాను, కానీ అక్క అటు చివర ఎవరికో దిండు సర్దుతోంది. చేతిలో కళ్ళజోడు పెట్టుకుని గోడకానుకుని నిలబడ్డాను.

నా ముందు మంచం మీద ఒక ముసలాయన. పక్కన స్టూలు మీద కూతురు, కాలేజీ వయసుంటుంది. బాటిల్‌కి వీపు పెట్టి కూర్చుని తండ్రికి గోళ్ళు తీస్తోంది. ఆయన ఏదో చెబుతున్నాడు, ఎవరో మేనత్త పెళ్ళిలో తప్పిపోయిన కథ. ఆ పిల్ల, "అబద్ధాలు నాన్నా, అత్త అలా చెప్పలేదు," అంటోంది. ఆయన దగ్గుతూ నవ్వుతున్నాడు. పైన బాటిల్‌లో నీళ్ళు అడుగంటుతున్నాయి.

నా కళ్ళు బాటిల్‌కి అతుక్కుపోయాయి. పాత జబ్బు. అయిపోతోంది, అమ్మాయ్, చూడు, అయిపోతోంది అని అరవబోయాను. నీలం లైటు వెలిగింది. అటు చివర అక్క జేబులో ఫోన్ మోగింది. గబగబా వచ్చి, నన్ను చూసి కళ్ళతోనే ఆగమని, బాటిల్ మార్చి, చుక్కలు సరిచేసి వెళ్ళిపోయింది. ముసలాయన కథలో మేనత్త ఇంకా దొరకలేదు.

అక్కడున్న ప్రతి ఒక్కరినీ పట్టుకుని చెప్పాలనిపించింది, ఇది మావాడు చేశాడని. ఎవరికీ చెప్పలేదు. కళ్ళజోడు అక్కకిచ్చి బయటికి వచ్చి, గేటు దగ్గర నిలబడి మౌనవ్రతానికి ఫోన్ చేశాను. ఎత్తాడు, మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేకపోయాను. ఇద్దరం ఒకరి ఊపిరి ఒకరం వింటూ కాసేపు ఉన్నాం. కంపెనీ పోయింది, రేపటికి పని లేదు, అదేదీ మారలేదు.

ఇవాళ్టి సంతోషం: ఆ అమ్మాయి ఒక్కసారి కూడా తలెత్తి బాటిల్ వైపు చూడలేదు.